జర్మనీ కోనసీమది, ఫ్రాన్స్ రాయచోటిది

మా ఆయన కువైట్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతారు. పొద్దున్నే నింపుకుని కబ్ద్ వైపు వెళ్లి, అక్కడి తోటలకూ గొర్రెల దొడ్లకూ మంచినీళ్లు పోసి వస్తారు. రోజూ అదే రోడ్డు, అదే ఇసుక, అదే ఎండ. ఇలాంటి మనిషి సాయంత్రం ఇల్లు చేరాక ఏం చేయాలి? కాళ్లు చాపుకుని పడుకోవాలి. మా ఆయన మాత్రం స్నానం చేసి, టీ తాగి, హాల్లో కూర్చుని మళ్లీ లారీ నడిపేవారు. కాకపోతే ఈసారి యూరప్‌లో.

అదొక కంప్యూటర్ ఆట. ఒక ఊళ్లో సరుకు ఎత్తుకుని ఇంకో దేశంలో దింపాలి. తుపాకులుండవు, రాక్షసులుండరు, ఎవడూ ఎవడినీ తరమడు. శుక్రవారం సంతలో పాత కంప్యూటర్ కొనుక్కొచ్చారు. కబ్ద్‌లో ఆయన నీళ్లు పోసే తోట యజమాని కొడుకు కొత్త స్టీరింగ్ సెట్టు కొనుక్కుని పాతది బయట పడేస్తే, అడిగి అది తెచ్చుకున్నారు. దాన్ని మా టీపాయ్‌కి మరలతో బిగించారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీ కప్పులు నేల మీదే.

మొదట్లో నవ్వుకున్నాను. గుడి తలుపులు మూసి ఇంటికొచ్చిన పూజారి, బొమ్మల గుడి ముందు కూర్చుని గంట కొట్టినట్టుంది అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఇండికేటర్ వేసి పక్క వరుసలోకి మారారు.

అసలు సంగతి పాటలు. ఒకప్పుడు ట్యాంకర్‌లో రేడియో ఉండేది. ఎవరో డ్రైవరు పాట మార్చబోయి తోట గేటును గుద్దాడని కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, అన్ని బళ్లలోనూ రేడియోలు పీకించి, వాటి బదులు డ్రైవరు మొహం మీదికి కెమెరాలు పెట్టించాడు. ఆవలిస్తే కూస్తుంది. పక్కకు చూస్తే కూస్తుంది. కూనిరాగం తీసినా, ఫోన్ మాట్లాడుతున్నాడనుకుని కూస్తుంది. దాంతో మా ఆయన పొద్దస్తమానం నోరు బిగించుకుని బండి నడిపి వచ్చేవారు.

ఈ ఆటలో మాత్రం, కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో మనకు నచ్చిన పాటలు వేసుకుంటే, ఆటలోని లారీ రేడియోలో అవే వస్తాయి. ఈ సంగతి తెలిసిన రోజు ఆయన మొహం చూడాలి. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు చేతికొచ్చిన రోజున కూడా అంత వెలుగు లేదు. ఆ తర్వాత చాలా రోజులు లారీ కదల్లేదు, పాటలు సర్దుకోవడమే పని. పాత సినిమా పాటలు, పడవ పాటలు, కోనసీమలో మా ఊరి తీర్థంలో గరగలు ఆడేటప్పటి డప్పులు, ఎవరో ఫోన్లో తీసి పంపిన మైకుసెట్టు గోల, అన్నీ పోగేశారు. చివరికి ఓ సాయంత్రం జర్మనీలో మంచు కురుస్తుండగా, మా ఊరి డప్పులు మోగించుకుంటూ బయల్దేరారు. ఎదురుగా ఒక్క బండి లేదు. అయినా ఎర్రలైటు దగ్గర ఆగి, అది పచ్చగా మారేదాకా వేళ్లతో దరువేస్తూ కూర్చున్నారు.

మేముండేది అబ్బాసియాలో. రెండు గదుల ఫ్లాటు, రెండు కుటుంబాలు. ఒక గది మాది, ఒక గది రాయచోటి దంపతులది, హాలూ వంటిల్లూ ఉమ్మడి. ఆయన లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. ఆమె హవల్లీలో ఒక కుట్టుదుకాణంలో బురఖాల్లాంటి అబాయాలు కుడుతుంది. ఆమె నన్ను అక్కా అనేది, నేను ఆమెను ఆపా అనేదాన్ని. దానర్థమూ అక్కే. ఎవరికి వాళ్లం చిన్నవాళ్లమని మా లెక్క.

రాయచోటి ఆయన మొదట్లో సోఫా చివర కూర్చుని చూసేవాడు. తర్వాత స్టీరింగ్ పక్కకు జరిగాడు. ఇంకొన్నాళ్లకు, లారీ వెనక్కి పెట్టాల్సి వచ్చినప్పుడు మెడ తిప్పి మా వంటింటి వైపు చూస్తూ "రానీ, రానీ" అనడం మొదలుపెట్టాడు. లారీకి క్లీనర్ దొరికాడనుకున్నాను. క్లీనర్ ఉన్నాక పాట మార్చమని అడగకుండా ఉంటాడా?

"అన్నా, ఈ పాటకు ఎద్దులబండి గూడా కదల్దు," అన్నాడొక రోజు. "నా ఫోన్లో మంచి కవ్వాలీలుండాయి, రెండేసుకో."

"బండి నాది తమ్ముడూ," అన్నారు మా ఆయన, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

"బండి నీదే. కరెంటు బిల్లులో సగం నాది గదా."

అంతే, మాటలు పడిపోయాయి. ఇద్దరు మగవాళ్లు, పెళ్లిళ్లయినవాళ్లు, లేని లారీలో వచ్చే పాట కోసం పలకరింపులు మానేశారు. ఒకాయన హాల్లోకొస్తే ఇంకొకాయన గదిలోకి పోయేవాడు. ఆపా, నేనూ ఒకే పొయ్యి మీద ముందు వాళ్ల పులుసు, తర్వాత మా కూర వండుకుంటూ, ఇటువాళ్ల రాయబారం అటూ అటువాళ్ల రాయబారం ఇటూ మోసేవాళ్లం. "నీళ్ల క్యాను తెమ్మని చెప్పు వాళ్లాయనకు" అని మా ఆయన నాతో అంటే, నేను ఆపాతో అంటే, ఆపా వాళ్లాయనతో అనేది. ఆ ముగ్గురి మాటలూ వినపడేంత దూరంలోనే నలుగురం ఉండేవాళ్లం.

చివరికి సంధి కుదిరింది. దేశాలు పంచుకున్నారు. లారీ జర్మనీలో ఉన్నంతసేపూ కోనసీమ పాటలు, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్తే రాయచోటి కవ్వాలీలు, ఎవరి ఫోల్డర్ వాళ్లది. పెద్దమనుషుల ఒప్పందం. చేతులు కూడా కలుపుకున్నారు.

ఒప్పందం కుదిరిన మర్నాటి నుంచి మా ఆయనకు ఫ్రాన్స్‌కి సరుకు దొరకడం మానేసింది. ఎంత వెతికినా జర్మనీలో ఎత్తి జర్మనీలోనే దింపేవే దొరికేవి. రాయచోటి ఆయన తెరకు ముక్కు ఆనించి మ్యాపు చూస్తూ, "ఇదో, ప్యారిస్‌కు సున్నపురాయి ఉండాది గదన్నా" అని చూపించేవాడు. "అది బరువెక్కువ తమ్ముడూ, ఇంజిను లాగదు" అనేవారీయన. నీళ్ల ట్యాంకర్ నడిపే మనిషి నోటి వెంట వచ్చిన మాట అది.

సంగతి మేడ మీదికి పాకింది. పైన కరీంనగర్ కుర్రాళ్లు ఒక గదిలో నలుగురైదుగురు ఉంటారు. వాళ్లలో మీసాలాయన ఒకడు దిగివచ్చి, "ఏందన్నా, మాకు ఒక్క దేశం గూడ ఇయ్యరా?" అని గుమ్మంలో నిలబడ్డాడు. తెలంగాణకు ఇటలీ ఇచ్చారు. ఎందుకు ఇటలీ అంటే ఎవరూ చెప్పలేదు. అడిగినవాడికి ఏదో ఒకటి ఇచ్చి పంపాలి కాబట్టి ఇచ్చినట్టున్నారు.

దాంతో శుక్రవారం సాయంత్రాలు మా హాలు బస్టాండయింది, అంతమంది ముందు మా ఆయనకు సరిహద్దులు దాటక తప్పలేదు. ప్రయాణికులు సోఫా మీదా, చాప మీదా, గుమ్మంలోనూ కూర్చునేవారు. కొండలు వస్తే "అబ్బ, ఏముందిరా" అనేవారు, సొరంగం వస్తే మాట్లాడ్డం మానేసేవారు. సరిహద్దు దగ్గర పడుతుంటే, తర్వాతి దేశం తాలూకు పాటలవాళ్లు సర్దుకుని కూర్చునేవారు. ఒకాయన తనకు కిటికీ పక్క సీటు కావాలని అడిగాడు. తమాషాకి అన్నాడనుకున్నాను, కానీ జరిగి చోటిచ్చారు. వీళ్లందరికీ టీలు మాత్రం ఆపా, నేనూ పెట్టాలి.

నేను జాబ్రియాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిని. రోగి నోట్లో గొట్టం పెట్టి ఉమ్ము లాగడం నా పని. అక్కడ కూడా పాటలు డాక్టరు గారికి నచ్చినవే మోగుతాయి. నోరు తెరిచి పడుకున్నవాడు పాట మార్చమని ఎలా అడుగుతాడు? పొద్దంతా ఆయన పాటలు విని, సాయంత్రం ఇంటికొచ్చి ఈ ముగ్గురి దేశాల పాటలు వినేదాన్ని.

ఒక శుక్రవారం టీ అందిస్తూ, నాకూ ఆపాకూ కలిపి ఒక దేశం ఇవ్వమని అడిగాను. స్విట్జర్లాండ్ ఖాళీగానే ఉంది, చిన్నదే, ఎవరికీ అడ్డం రాదు అన్నాను. అందరూ నవ్వారు. మా ఆయన గేరు మారుస్తూ, "నీకెందుకే, నువ్వు లారీ ఎక్కవు కదా" అన్నారు. ఇంకాస్త నవ్వారు. ఆపా టీ పళ్లెం నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారమే వంటింట్లో గ్యాస్ అయిపోయింది. కింది బకాలా కొట్లో బండ ఉంది, తెచ్చిపెట్టమని పొద్దున చెప్పాను, సాయంత్రం చెప్పాను, మర్నాడు మళ్లీ చెప్పాను. ఆయన ఆస్ట్రియాకి పాలపొడి తీసుకెళ్తున్నారు, గడువుందన్నారు. ఆఖరికి నేనూ ఆపా చెరోవైపు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాం. మేం బండతో హాల్లోంచి పోతుంటే ఆయన కాళ్లు పక్కకు తీశారు. ఆ మాత్రం సాయం చేశారు, కాదనను.

ఆయన డ్యూటీకెళ్లాక ఫోన్ తీసుకుని గదిలో కూర్చున్నాను. వార్తలు చదివేవాళ్లలా గొంతు సవరించుకుని రికార్డు చేశాను. పాటలు ఎక్కడ వేస్తారో రోజూ చూస్తూనే ఉన్నాను కనుక ఆయన జర్మనీ ఫోల్డర్లో దాన్నీ పడేసి, "కొత్త డప్పు పాట" అని పేరు పెట్టాను. పాటలు వరసన కాకుండా కలగాపులగంగా వచ్చేట్టు ఆయనే పెట్టుకున్నారు. కాబట్టి అది ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు. ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. ప్రతి పాట అయిపోయినప్పుడూ వంటింట్లో గరిటె ఆపేదాన్ని, మళ్లీ ఏ పడవ పాటో మొదలయ్యేది. శుక్రవారం నాటికి ఆశ వదులుకున్నాను.

ఆ శుక్రవారం హాలు నిండిపోయింది. లారీ జర్మనీ దాటబోతోంది. డప్పులు ఆగాయి. తర్వాత నా గొంతు వచ్చింది.

"నమస్కారమండి. వార్తలు చదువుతున్నది ఈ లారీ డ్రైవరు గారి భార్య. యూరప్ మొత్తం సరుకులు చేరవేస్తున్న మా ఆయన, కింది దుకాణం నుంచి గ్యాస్ బండ తేలేకపోయారని తెలియజేయడానికి విచారిస్తున్నాం. ఆయన ఎర్రలైటు దగ్గర ఆగుతారు గానీ, పెళ్లాం పిలిస్తే ఆగరు. వాతావరణం. జర్మనీలో మంచు కురుస్తోంది. మా వంటింట్లో ఏసీ లేదు. ప్రయాణికులకు మనవి. తాగిన కప్పులు ఎవరివి వాళ్లు కడుక్కోవలెను."

ఎవరూ నవ్వలేదు. మీసాలాయన చేతిలో కప్పు వైపు చూసుకున్నాడు. మా ఆయన ఏం చేశారో తెలుసా? ఇండికేటర్ వేసి, లారీని మెల్లగా రోడ్డు అంచుకు తీసి, ఆపి, ప్రమాద సూచన దీపాలు వెలిగించి, చేతి బ్రేకు వేసి, అప్పుడు కోపం తెచ్చుకున్నారు.

ప్రయాణికులు ఒక్కొక్కరే లేచారు. కొందరు కప్పులు కడిగే వెళ్లారు, అది ఒప్పుకోవాలి.

అందరూ వెళ్లాక ఆయన స్టీరింగ్ మీద చేతులు తీయకుండానే, మగవాళ్ల మధ్య పరువు తీశావన్నారు. తీసింది నేను కాదు, ఉన్నదే చదివానన్నాను. ప్రమాద సూచన దీపాలు ఆర్పి అన్నారు:

"పొద్దుటి నుంచి ఆ కెమెరా నా మొహాన్నే చూస్తా ఉంటదే. దగ్గినా కూస్తది. నాలో నేను పాడుకోడానికి కూడా లేదు. ఇక్కడో గంట నాకు నచ్చింది వినొద్దా?"

ఆ మాటకి జాలేసింది. కానీ బండ మోసిన నొప్పి ఇంకా భుజంలోనే ఉంది.

"అక్కడ మీరు ఆవలించినా చూసేవాళ్లున్నారండి," అన్నాను. "ఇక్కడ నేను బండ మోసుకొచ్చినా చూసేవాళ్లు లేరు. మీకు చూపు ఎక్కువై బాధ, నాకు లేక బాధ. ఒక్క దేశం ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

ఆయన ఇండికేటర్ వేశారు. చేతి బ్రేకు తీసి, వెనక అద్దంలో చూసుకుని, మళ్లీ రోడ్డెక్కారు. నా వార్తలు మాత్రం ఫోల్డర్లోంచి తీసేయలేదు. ఎలా తీయాలో తెలియకపోవడం కాదు. ఎందుకు తీయలేదో నేనూ అడగలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది, వాళ్లకి. మర్నాడు ఉల్లిపాయలు తరుగుతూ ఆపా నెమ్మదిగా, "అక్కా, అదెట్ల చేసినావు?" అని అడిగింది. చూపించాను. ఆమె తలుపు వేసుకుని ఫోన్ పట్టుకుంటే, గోడకు ఆవలి నుంచి ఆ గొంతు వింటూ, ఇన్నాళ్లూ ఈవిడ మెతక మనిషి అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ వార్తలు ఫ్రాన్స్‌లో ప్రసారమయ్యాయి. రాయచోటి ఆయన బతిమాలగా బతిమాలగా మా ఆయన సున్నపురాయి ఎత్తుకుని ప్యారిస్ బయల్దేరిన రోజే. కవ్వాలీ మంచి ఊపులో ముగిసింది. దాని వెంటనే:

"పొద్దన్నుంచి కువైటోళ్ల దిష్‌దాషా జుబ్బాలు మడత నలగకుండా ఇస్త్రీ చేసే మనిషి, నా చుడీదారు ఒక్కటంటే ఒక్కటి చేసిండాడేమో అడగండి. ఊర్లో మేనేజరని చెప్పుకుంటాండాడు. ఇస్త్రీ చేసేది తప్పు గాదు. అబద్ధం చెప్పేది తప్పు."

రాయచోటి ఆయన తల వంచుకున్నాడు. మా ఆయన ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరూ అన్ని రోజులు మాట్లాడుకోని మనుషులు, ఆ రోజు అన్నదమ్ములైపోయారు. మొగుళ్లని కలపాలంటే ఇంతకంటే దగ్గర దారి లేదు.

మా మెట్ల మీద ఆడవాళ్లు కూడా మాట్లాడుకుంటారు. ఎదురు ఫ్లాటులో మండపేట ఆవిడ, పై అంతస్తులో కడపావిడ ఫోన్లు పట్టుకుని వచ్చారు. కాస్త చక్కెర ఉందా అని వచ్చి, "నాదీ ఒకటి వేస్తావా?" అని గుసగుసగా అడిగేవారు. వేశాను. ఒకావిడ తిట్టింది. ఒకావిడ ఏమీ తిట్టకుండా, మొగుడు రోజూ మరిచిపోయే మందుల పేర్లు వరసగా చదివింది. అదే అన్నిటికంటే గట్టిగా తగిలింది, వాళ్లాయన లేచి బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు. తర్వాత ఎవరి పాట అయిపోయినా, తర్వాత వచ్చేది ఎవరి పెళ్లామోనని మగాళ్లు బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్లు. ప్రయాణికులు పలచబడ్డారు. కరీంనగర్ వాళ్లలో ఎవరి భార్యా ఇక్కడ లేదు కనక వాళ్లు మాత్రం కొన్నాళ్లు ధైర్యంగా వచ్చారు, మిగతావాళ్ల బాధ చూడ్డానికి. ఆఖరికి వాళ్లూ మానేసి ఇటలీని వదిలేసుకున్నారు.

మా ఆయన హెడ్‌ఫోన్లు కొనుక్కున్నారు. హాలు చల్లబడింది. ఏం వింటున్నారో ఎవరికీ తెలియకుండా ఒక్కరే కూర్చుని, ఎర్రలైటు దగ్గర ఆగి, పచ్చలైటుకు కదిలేవారు. అప్పుడప్పుడూ తనలో తాను నవ్వుకునేవారు. గ్యాస్ బండ మటుకు ఇప్పుడు చెప్పకముందే వస్తోంది.

శుక్రవారం పొద్దున మగవాళ్లిద్దరూ చేపల మార్కెట్‌కి వెళ్తారు. అటునుంచి రాయచోటి ఆయన నమాజుకి పోతాడు, మా ఆయన క్షౌరశాలలో కూర్చుంటారు. అలాంటి ఒక పొద్దున ఆపా చీపురు పక్కన పెట్టి స్టీరింగ్ ముందు కూర్చుంది.

ఆమెకు డ్రైవింగ్ మోజని నాకు అప్పటిదాకా తెలియదు. రాయచోటిలో వాళ్ల నాన్న ఆటో నడిపిందట, అదీ దొంగతనంగా. ఇక్కడ లైసెన్స్‌కి పోతే ముందు డిగ్రీ ఉందా అన్నారట, తర్వాత జీతం ఎంతన్నారట, ఆ తర్వాత కాగితం వెనక్కి ఇచ్చేశారట. "కారు తోలేదానికి డిగ్రీ ఏంటికక్కా? డిగ్రీ పెట్టుకుని తొక్కుతారా బ్రేకు?" అంటూ అబాయాలు కుట్టీ కుట్టీ గట్టిపడ్డ వేళ్లతో స్టీరింగ్ పట్టుకుంది. కుట్టుమిషను పెడల్ తొక్కే కాలు. కాలు పెడితే పూర్తిగా పెట్టడమే తెలుసు దానికి. లారీ ఒక్క ఉరుకు ఉరికింది. నేను పక్కన కూర్చుని ఫోల్డర్లో మా ఇద్దరికీ నచ్చిన పాటలు వేశాను. మొహర్రంలో వాళ్ల వీధి డప్పులు కొన్ని, మా అమ్మ దంపుళ్లప్పుడు పాడిన పాట ఒకటి. వాటిలో ఏది ఏ దేశంలో రావాలో మేం పంచుకోలేదు.

స్విట్జర్లాండ్ అడిగి లేదనిపించుకున్నాం కదా, నేరుగా అక్కడికే పోయాం. దారిలో ఆపా ఆగిన లైటు లేదు. ఒక టోల్ గేటు విరిగింది. ఆవులున్న పొలంలోకి దిగి, మళ్లీ మా అంతట మేమే పైకొచ్చాం. మా ఆయన కష్టపడి సంపాదించుకున్న లారీ ముందు అద్దం పగిలి సాలెగూడులా తయారైంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుతుంటే వెనక తలుపు తీసిన చప్పుడైంది. రాయచోటి ఆయన టోపీ చేతిలో పట్టుకుని, మా ఆయన చేపల సంచీతో, నల్లగా రంగేసిన మీసంతో గుమ్మంలో నిలబడ్డారు.

మా ఆయన అద్దం వైపు చూశారు, ఆటలో అద్దం వైపు.  "బ్రేకు... అమ్మా, ఎడంపక్కదండి... బ్రేకు తొక్కండమ్మా," అన్నారు. ఆయన ఆపాను ఎప్పుడూ అంత మర్యాదగా పిలవలేదు.

ఆపా వెనక్కి తిరగలేదు.

"నిలబడి మాట్లాడాకండన్నా, పడతారు," అంది. "ఎనక కూసోండి. సేపలు కింద పెట్టండి, కంపు కొడతాండాయి."

ఇద్దరూ కూర్చున్నారు.